సిలువ దగ్గర తీరింది అప్పా, శిక్షా? డెల్టా సంఘాల్లో బలి, ప్రాయశ్చిత్తాల లెక్క

శుభ శుక్రవారం నాడు గోదావరి డెల్టాలోని ఏ చిన్న పట్నంలోనైనా ఒకే మరణాన్ని మూడు నాలుగు తీరుల్లో స్మరించడం కనిపిస్తుంది. లూథరన్ దేవాలయంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద వరుసగా ప్రసంగాలు సాగుతాయి. కతోలిక దేవాలయంలో సిలువ మార్గం నడిచాక జనం బారులు తీరి సిలువను ముద్దు పెట్టుకుంటారు. బ్రదరన్ మందిరంలో ఆ రోజుకు ప్రత్యేకత తక్కువ. ఏడాది పొడవునా ప్రతి ఆదివారం రొట్టె విరిచే కూడికలోనే వారు ఆ మరణాన్ని ప్రకటిస్తారు. అందరూ చెప్పే వాక్యం మాత్రం ఒక్కటే: యేసు మన పాపాల కోసం చనిపోయాడు.

చిక్కంతా ఆ 'కోసం' దగ్గరే ఉంది. ఒకరి చావు మరొకరి పాపాన్ని ఎలా తీస్తుంది? ఆ బలి ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు? దేవుడు ఊరికే క్షమించలేడా? ఆదివారపు బడి పిల్లలు అడిగే ప్రశ్నలే ఇవి. పక్కింటి హిందువులు అడిగేవీ ఇవే. ఒక పాస్టరు ఒక జవాబు చెబితే కతోలిక గురువు ఇంకొకటి చెబుతారు. దాంతో వినేవారు రెండు తొందరపాటు తీర్మానాల్లో ఒకదానికి వస్తారు: క్రైస్తవుల మాటల్లోనే పొంతన లేదనో, తమ సంఘం తప్ప మిగిలినవన్నీ దారి తప్పాయనో. రెండూ నిలిచే తీర్మానాలు కావు.

క్లుప్తంగా: పాపానికి ప్రాయశ్చిత్తం క్రీస్తు మరణం వల్లే అన్నది అన్ని ప్రధాన శాఖలూ ఒప్పుకునే విషయం. అది ఎలా పనిచేసింది అన్నదాన్ని ఏ ప్రాచీన సార్వత్రిక మహాసభా నిర్వచించలేదు. విడుదల, పరువు చెల్లింపు, శిక్ష మార్పిడి, ప్రేమ వెల్లడి అనే నాలుగు వివరణలు వేర్వేరు కాలాల్లో బలపడ్డాయి. తెలుగు బైబిల్ వాడిన మాటలు వాటిలో ఒక్కోదాని వైపు మొగ్గుతాయి. డెల్టాలో కనిపించే తేడాలకు సంఘాల చరిత్ర ఒక కారణమైతే, ఈ మాటలు రెండో కారణం.

తెలుగు మాటల్లోనే సగం వాదం

యోహాను రాసిన మొదటి పత్రికలో ఒకే గ్రీకు పదం, 'హిలాస్మోస్', రెండు చోట్ల వస్తుంది. వాడుకలో ఉన్న తెలుగు బైబిల్ దాన్ని 2వ అధ్యాయం 2వ వచనంలో 'శాంతికరము' అంది, 4వ అధ్యాయం 10వ వచనంలో 'ప్రాయశ్చిత్తము' అంది. రెండు పేజీల దూరంలో మాట మారిపోయింది. చదివేవారు ఈ తేడాను గమనించరు గానీ, అర్థం మీద దాని పట్టు గట్టిదే. శాంతి అంటే ఎవరో కోపంగా ఉన్నారని, ఆ కోపాన్ని చల్లార్చాలని తెలుగువారికి తడుతుంది. గ్రహశాంతి, అమ్మవారి శాంతి మన చెవులకు అలవాటైన మాటలు. ప్రాయశ్చిత్తం అలా కాదు. అది తప్పు చేసినవాడు తన తప్పు కడుక్కోవడానికి తానే చేసేది: ఉపవాసం, దానం, పుణ్యస్నానం.

ఈ రెండు అర్థాల మధ్య 20వ శతాబ్దంలో పెద్ద పండితుల వాదమే నడిచింది. ఆ గ్రీకు పదానికి అర్థం పాపపు మరకను తుడవడమే తప్ప దేవుణ్ణి ప్రసన్నం చేసుకోవడం కాదని బ్రిటిష్ పండితుడు సి.హెచ్. డాడ్ 1930లలో వాదించారు. బైబిల్లో దేవుని ఉగ్రత ప్రస్తావన కొట్టిపారేయలేనిదని 1950లలో ఆస్ట్రేలియా పండితుడు లియాన్ మోరిస్ బదులిచ్చారు. తెలుగు అనువాదకులు, తెలిసో తెలియకో, ఇద్దరికీ చెరొక వచనం ఇచ్చేశారు.

పౌలు రాసిన రోమీయుల పత్రిక 3వ అధ్యాయం 25వ వచనంలో క్రీస్తును 'కరుణాధారము' అన్నారు. మూలంలో అక్కడున్న 'హిలాస్టేరియోన్' అనే పదమే హెబ్రీయుల పత్రిక 9వ అధ్యాయంలో 'కరుణాపీఠము' అయింది. కరుణాపీఠం అంటే ప్రత్యక్షపు గుడారంలో మందసం, అంటే నిబంధన పెట్టె, మీద ఉండే బంగారు మూత. ఏటా ఒకసారి వచ్చే ప్రాయశ్చిత్తార్థ దినాన ప్రధాన యాజకుడు రక్తం ప్రోక్షించే చోటు అదే. ఒకే మాట ఉంచి ఉంటే పౌలు చెప్పదలచిన పోలిక తెలుగు పాఠకుడికి వెంటనే అందేది. 'ఆధారం' అనేసరికి ఆ బంగారు మూత కనుమరుగైంది.

మరికొన్ని మాటలకు డెల్టాలో స్థానికంగా బరువెక్కువ. 'పరిహారం' అనగానే తుపానుకు వరి నేలవాలినప్పుడు అధికారులు రాసుకుపోయే నష్టపరిహారం గుర్తుకొస్తుంది. 'క్రయధనం' అన్న మాట పొలం క్రయ దస్తావేజు తెలిసినవారికి వెంటనే డబ్బు చేతులు మారడాన్ని స్ఫురింపజేస్తుంది. మార్కు సువార్త 10వ అధ్యాయం 45వ వచనంలో 'విమోచన క్రయధనము' అని ఉంది. వినేవారి మనసులో వెంటనే పుట్టే ప్రశ్న: ఎవరికి చెల్లించారు? ఈ ప్రశ్న నాలుగో శతాబ్దం నాటికే వినిపించిందని కింద చూస్తాం.

లేవీయకాండంలో బలి ఎలా పనిచేసింది

సిలువను బలి అనడం యూదుల ఆలయ వాడుక నుంచి వచ్చింది కాబట్టి, ఆ వాడుక తెలియకుండా మిగతాది అర్థం కాదు. బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండం మొదటి అధ్యాయాల్లో అయిదు రకాల అర్పణలు ఉన్నాయి. దహనబలి పూర్తిగా కాలిపోతుంది. నైవేద్యం పిండితో చేసేది, అందులో రక్తం లేదు. సమాధానబలిలో మాంసం అర్పించినవారు, యాజకులు కలిసి తింటారు. పాపపరిహారార్థ బలి, అపరాధ పరిహారార్థ బలి అనే చివరి రెండే పాపంతో నేరుగా ముడిపడినవి. అంటే బలి అనగానే పాపం అనుకోవడం సరికాదు. కృతజ్ఞత, మొక్కుబడి, సహవాసం కూడా బలులే.

పాపపరిహారార్థ బలి తీరు ఇది. తప్పు చేసినవాడు మేకను తెచ్చి, దాని తల మీద చెయ్యి ఉంచి, తానే వధిస్తాడు. యాజకుడు ఆ రక్తాన్ని వేలితో బలిపీఠం కొమ్ములకు పూసి, మిగిలింది పీఠం అడుగున పోస్తాడు. ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. రక్తం పూసేది మనిషికి కాదు, పీఠానికి. మనుషుల పాపం ఆలయాన్ని మైలపరుస్తుందని, ప్రాణానికి గుర్తయిన రక్తం ఆ మైలను కడుగుతుందని యూదు పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ వివరించారు. అలా చూస్తే బలిపశువు శిక్ష అనుభవించేది కాదు, శుద్ధి చేసేది. ప్రాయశ్చిత్తార్థ దినాన కనిపించే రెండు మేకలు కూడా ఈ తేడానే చూపుతాయి. వధించిన మేక రక్తం శుద్ధికి. ప్రధాన యాజకుడు జనం పాపాలు ఒప్పుకొని మోపేది రెండో మేక తల మీద, దాన్ని మాత్రం చంపరు, అరణ్యంలోకి వదిలేస్తారు.

ప్రసంగ పీఠాల మీద తరచూ జారిపోయే వివరాలు ఇంకా రెండున్నాయి. హెబ్రీయుల పత్రిక 9వ అధ్యాయం 22వ వచనం, రక్తం చిందకుండా పాపక్షమాపణ లేదన్నది, డెల్టాలో గోడల మీదా కరపత్రాల మీదా కనిపిస్తుంది. కానీ తెలుగు బైబిల్లో ఆ వాక్యం చివర 'సామాన్యముగా చెప్పవచ్చును' అని ఉంది. గోడ మీద ఆ రెండు మాటలూ ఉండవు. అవి ఊరికే పెట్టినవి కావు. మేకకు గాని, రెండు గువ్వలకు గాని శక్తి లేని పేదవాడు ఏఫాలో పదో వంతు, అంటే సుమారు రెండు లీటర్ల గోధుమపిండి తెస్తే చాలునని, దానితోనే అతని పాపం క్షమించబడుతుందని లేవీయకాండం 5వ అధ్యాయం చెబుతుంది. నూనె వద్దు, సాంబ్రాణి వద్దు, రక్తమూ లేదు. ఒక పిడికెడు పిండి పీఠం మీద కాలితే సరిపోయింది. పేదల కోసం ధర్మశాస్త్రమే తెరిచి ఉంచిన ఈ తలుపును మూసేసి, రక్తమే ఏకైక సూత్రమని చెప్పడం ఆ గ్రంథానికి న్యాయం చేయడం కాదు.

రెండో వివరం అపరాధ పరిహారార్థ బలిది. పొరుగువాణ్ణి మోసం చేసి సొమ్ము కాజేసినవాడు ముందు అసలు, దానిపై అయిదో వంతు కలిపి సొంతదారుకు ఇవ్వాలి. పొట్టేలును పీఠం దగ్గరికి తేవడం ఆ తర్వాత. దేవుని దగ్గర క్షమాపణకు ముందు మనిషి దగ్గర లెక్క తేలాలన్నమాట.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక యూదులకు బలిపీఠమే లేకుండా పోయింది. దేవుడు బలిని కాదు కనికరాన్ని కోరుతున్నాడన్న హోషేయ ప్రవక్త మాటను పట్టుకొని, పశ్చాత్తాపం, ప్రార్థన, దానం ఆ స్థానంలోకి వచ్చాయని రబ్బీలు, అంటే యూదు గురువులు, నిర్ణయించారు. అదే సంక్షోభానికి యేసు అనుచరుల జవాబు వేరు: ఆఖరి బలి ఒక్కసారే జరిగిపోయింది.

ఎవరికి చెల్లింది? మూడు చిత్రాలు

తొలి వెయ్యేళ్లలో ఎక్కువగా వినిపించిన చిత్రం విడుదల. మనిషి పాపానికీ మరణానికీ సాతానుకూ బందీ. క్రీస్తు ఆ చెర విడిపించాడు. రెండో శతాబ్దపు ఇరేనియస్, మూడో శతాబ్దపు ఓరిగెన్ ఈ దారిలో రాశారు. క్రయధనం సాతానుకు చెల్లిందని కొందరు అన్నారు. నాలుగో శతాబ్దంలో నజియాంజుకు చెందిన గ్రెగరీ ఆ మాటకు అడ్డుపడ్డారు. దొంగకు వెల కట్టి ఇవ్వడం అవమానం కాదా? తండ్రికి ఇచ్చారందామా, ఆయన మనల్ని చెరపట్టలేదు కదా? గ్రెగరీ లేవనెత్తిన ఈ ప్రశ్న ఆ చిత్రం బలహీనతను బయటపెట్టింది. అయినా చిత్రం చావలేదు. స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలెన్ 1930 ప్రాంతంలో దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు నేటికీ క్రీస్తు మరణాన్ని కోర్టు తీర్పుగా కాక, మరణమనే రోగానికి వైద్యంగా, మరణం మీద గెలుపుగా చూస్తాయి.

1098లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ చిత్రాన్ని మార్చేశారు. ఆయన బతికింది ప్రభువులు, సామంతుల లోకం. అక్కడ అవమానం బరువు అవమానపడినవాడి అంతస్తును బట్టి పెరుగుతుంది. పాపం దేవుని పరువుకు భంగం. దేవుడు అనంతుడు కాబట్టి బాకీ కూడా అనంతం. చెల్లించాల్సింది మనిషి, చెల్లించగలిగింది దేవుడొక్కడే. అందుకే దేవుడు మనిషి కావలసి వచ్చిందని ఆయన తర్కం. తెలుగు పల్లెల్లో దీనికి దగ్గరి మాట ఉంది: తప్పు కట్టడం. కుల పంచాయతీలో పెద్దమనుషులు తప్పు ఇంత అని తేలుస్తారు, అది కడితే దండన ఉండదు.

ఆన్సెల్మ్‌ను, తర్వాతి ప్రొటెస్టంట్ సంస్కర్తలను చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. అసలు తేడా ఇక్కడే ఉంది. ఆన్సెల్మ్ లెక్కలో చెల్లింపు, శిక్ష అనేవి రెండు వేర్వేరు దారులు. తప్పు కడితే శిక్ష పడదు. క్రీస్తు కట్టాడు కాబట్టి శిక్ష తప్పింది. 16వ శతాబ్దంలో లూథర్, మరింత స్పష్టంగా కాల్విన్, దీన్ని తిప్పి చెప్పారు. శిక్ష తప్పలేదు, క్రీస్తు మీద పడింది. కాల్విన్ న్యాయశాస్త్రం చదువుకున్నవారు. ఆయన చిత్రం దర్బారు కాదు, న్యాయస్థానం. దోషి నిలబడాల్సిన చోట నిర్దోషి నిలబడ్డాడు. నేటి తెలుగు సువార్త సభల్లో వినిపించేది ఎక్కువగా ఇదే: న్యాయమూర్తి తీర్పు చెప్పి, పీఠం దిగివచ్చి, జరిమానా తానే కట్టిన కథ. ఆ ఉపమానంలో ఒక మెలిక ఉంది. జరిమానా కట్టడం ఆన్సెల్మ్ చిత్రం, ఉరి అనుభవించడం కాల్విన్ చిత్రం. జరిమానాను ఇంకొకరు కట్టవచ్చునని ఏ చట్టమైనా ఒప్పుకుంటుంది. ఉరిని ఇంకొకరు మోయవచ్చునని ఏ చట్టమూ ఒప్పుకోదు. శ్రోతలకు తేలిగ్గా అనిపించే కథ అసలు కష్టాన్ని దాటవేస్తోంది.

మిగిలినవి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆన్సెల్మ్ తర్వాతి తరంవాడైన పీటర్ అబెలార్డ్, సిలువ దేవుణ్ణి మార్చడానికి కాదని, ఆ ప్రేమను చూసి మనిషి మారడానికని నొక్కి చెప్పారు. 1617లో డచ్చి న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్, దేవుణ్ణి అప్పిచ్చినవాడిగా కాక పాలకుడిగా చూడాలని, చట్టం పరువు నిలవడానికే సిలువ అని రాశారు. 1618–19లో కాల్విన్ బాటలోని సంఘాల డార్ట్ సభ, ఆ ప్రాయశ్చిత్తం ఫలం అందేది దేవుడు ఎన్నుకున్నవారికేనని తీర్మానించింది. 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అది అందరికోసమని గట్టిగా చెప్పారు.

నైసియా విశ్వాస ప్రమాణం 'మన కోసం సిలువ వేయబడెను' అని మాత్రమే చెప్పి ఆగిపోయింది. త్రిత్వం మీద 325లో, 381లో, క్రీస్తు దైవ మానవ స్వభావాల మీద 451లో మహాసభలు పదం పదం తూచి నిర్వచనాలు ఇచ్చాయి. ప్రాయశ్చిత్తం ఎలా జరిగిందన్నదాని మీద అలాంటి నిర్వచనం ఇవ్వలేదు. ఏదో ఒక వివరణను ఒప్పుకోనివారిని అవిశ్వాసులనడానికి ప్రాచీన సంఘమే అవకాశం ఇవ్వలేదన్న సంగతి గుర్తుంచుకోదగినది.

డెల్టాకు ఏది ఎలా చేరింది

1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశాయి. అదే గోదావరి డెల్టా మిషన్, బ్రదరన్ సంఘాల మూలం. 1840ల మధ్యలో జర్మనీ మిషనరీ వాలెట్ రాజమండ్రిలో లూథరన్ పని మొదలుపెట్టారు, తర్వాత అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 1874లో కాకినాడ కేంద్రంగా కెనడా బాప్టిస్టులు వచ్చారు. 1938లో లూథరన్ నేపథ్యం నుంచి వచ్చిన ముంగమూరి దేవదాసు రాజమండ్రిలో బైబిల్ మిషన్ ప్రారంభించారు. కతోలికులకు ఏలూరు మేత్రాసనం, అంటే బిషప్ పాలనా ప్రాంతం, 1976లో ఏర్పడింది. గౌరీపట్నం నిర్మలగిరి వారి ప్రసిద్ధ యాత్రాస్థలం.

మిషనరీలు తెచ్చింది ఎక్కువగా 19వ శతాబ్దపు ఇవాంజెలికల్ బోధ, అంటే శిక్ష మార్పిడి చిత్రం. విన్నవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. అప్పు కింద ఏళ్ల తరబడి పాలేరు పని చేయాల్సి వచ్చే ఇళ్లలో, వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976 దాకా రాని దేశంలో, విమోచన, క్రయధనం అనే మాటలు కోర్టు బోనుకంటే తాకట్టు విడుదలనే ఎక్కువ తలపించి ఉంటాయనుకోవడం సహేతుకం. బోధించింది ఒక చిత్రాన్ని, వినిపించింది మరొకటి. హెబ్రీయుల పత్రికలోని 'ఒక్కసారే' అన్న మాటకు కూడా ఇక్కడ సామాజిక బలం ఉంది. బలి ముగిసిపోతే పూజారి మధ్యవర్తిత్వం అక్కర్లేదు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనుషులకు అది చిన్న సంగతి కాదు.

పూజ, సంస్కారం, రొట్టె

కతోలికులు తమ ఆరాధనను దివ్యబలిపూజ అంటారు. మిగిలినవారికి అభ్యంతరం ఈ మాట మీదే. యేసును రోజూ మళ్లీ బలి ఇస్తున్నారా అని అడుగుతారు. కతోలిక బోధ అది కాదు. కతోలికుల ట్రెంట్ మహాసభ 1562లో చెప్పింది ఏమిటంటే, కల్వరిలో అర్పించినవాడూ, అర్పణ అయినవాడూ ఒక్కడే, పూజలో కూడా ఆయనే. అర్పించే తీరు మాత్రమే వేరు, ఇక్కడ రక్తపాతం లేదు. జరిగిపోయిన బలిని ఈ క్షణంలో సన్నిధికి తేవడమే తప్ప దాన్ని మళ్లీ చేయడం కాదు. ఒక ఆసక్తికరమైన వాస్తవం: శుభ శుక్రవారం నాడు కతోలిక సంఘం పూజే చేయదు. ఆ రోజు పంచేది ముందురోజు ప్రతిష్ఠించిన అప్పాలనే.

లూథరన్లు ఆ అప్పంలో క్రీస్తు శరీరం నిజంగా ఉందంటారు, కానీ అది మనం దేవునికి ఇచ్చే బలి కాదు, దేవుడు మనకిచ్చే వరం అంటారు. బ్రదరన్, బాప్టిస్టు సంఘాలకు అది జ్ఞాపకార్థం. తేడా ఎంత లోతైనదో మిగిలిన రొట్టె చూస్తే తెలుస్తుంది. కతోలిక దేవాలయంలో మిగిలిన సత్ప్రసాదాన్ని పెట్టెలో భద్రం చేసి, పక్కన చిన్న దీపం ఆరకుండా ఉంచుతారు. మోకరించకుండా దాని ముందు నుంచి నడిచిపోరు. బ్రదరన్ కూడిక ముగిశాక బల్ల మీద మిగిలింది రొట్టెముక్క.

ఇప్పటి విమర్శలు

శిక్ష మార్పిడి చిత్రం మీద గట్టి ప్రశ్నలు క్రైస్తవుల లోపలి నుంచే వస్తున్నాయి. తండ్రి కోపం చల్లారడానికి కొడుకును దెబ్బలకు అప్పగించడం ఏ నీతి అని కొందరు అడుగుతున్నారు. దీన్ని సమర్థించేవారి జవాబు, తండ్రీ కుమారులు వేరు వేరు ఇష్టాలున్న ఇద్దరు కారని, దేవుడు తానే భారం మోసుకున్నాడని. 2013లో అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘం తన కొత్త కీర్తనల పుస్తకంలో ఒక ప్రసిద్ధ పాటను చేర్చలేదు. దేవుని ఉగ్రత తీరిందన్న పంక్తిని మార్చడానికి రచయితలు ఒప్పుకోకపోవడమే కారణం. ఒక్క పంక్తి మీద అంత పట్టుదల ఎందుకో, యోహాను పత్రికలోని ఆ రెండు తెలుగు మాటలు చూసినవారికి అర్థమవుతుంది.

భారతదేశంలో విమర్శ ఇంకో దిక్కు నుంచి వచ్చింది. 1980లలో అరవింద్ నిర్మల్ వంటివారు దళిత వేదాంతాన్ని ముందుకు తెచ్చి, యేసును పీడితుల మధ్య పీడితుడిగా చూడాలన్నారు. బాధను మౌనంగా భరించడమే పుణ్యమన్న బోధ, ఇప్పటికే భరిస్తున్నవారి మీద ఇంకో బరువు మోపుతుందని స్త్రీవాద వేదాంతులు హెచ్చరించారు. తాగివచ్చి కొట్టే భర్తను సిలువ మోసినట్టు మోయమని ఇంటి ఆడపిల్లకు చెప్పే ఊళ్లలో ఈ హెచ్చరికను పక్కన పెట్టడానికి వీల్లేదు.

జాతర మేక, పురుష సూక్తం, పుష్కర స్నానం

పోలికలు తేవడంలో డెల్టా ప్రసంగీకులు, వారి విమర్శకులు ఇద్దరూ కొంత తొందరపడతారు. గ్రామదేవత జాతరలో మేకకు పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆ బలి మొక్కు తీర్చడానికి, ఊరికి రోగం రాకుండా కాపు కాయడానికి. పాపం ఒప్పుకోవడం, క్షమాపణ అందులో ప్రధానం కావు. లేవీయకాండపు మేకతో దానికి పోలిక పైపైనే.

ఋగ్వేదం పదో మండలంలోని పురుష సూక్తాన్ని క్రీస్తు బలికి సూచనగా చూపడం కూడా ఉంది. 1875లో కలకత్తా పండితుడు కృష్ణమోహన్ బెనర్జీ ప్రజాపతి ఆత్మార్పణను క్రీస్తుతో పోల్చి రాశారు. అయితే పురుష సూక్తంలోని యజ్ఞం సృష్టి కోసం జరిగింది. సూర్యచంద్రులు, దిక్కులు, వర్ణాలు పురుషుని అవయవాల నుంచి పుట్టాయని అందులో ఉంది. పాపపరిహారం ఊసు లేదు. మండలం, సూక్తం సంఖ్య లేకుండా కరపత్రాల్లో తిరిగే సంస్కృత వాక్యాలను ఆధారంగా తీసుకోకపోవడం ఇరుపక్షాలకూ మంచిది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. నీళ్లు పాపం కడుగుతాయా, రక్తం కడుగుతుందా అన్న వాదం ఘాట్ల దగ్గర మళ్లీ వినిపించవచ్చు. నిజానికి రెండు పద్ధతులూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. స్నానం, దానం, పిండప్రదానం కర్త తానే చేసే ప్రాయశ్చిత్తం, పితరులకు తీర్చే రుణం. క్రైస్తవ బోధలో ఆ కర్త స్థానంలో దేవుడే నిలబడతాడు. తెలుగులో రెండింటికీ ఒకే మాట ఉండడం వల్ల రెండూ పోటీ మందుల్లా కనిపిస్తున్నాయి.

ఇంటి గుమ్మం దాకా వచ్చే తేడాలు

ఈ తేడాలు పుస్తకాల్లో ఉండిపోవు. ఇంట్లో మరణం జరిగితే కతోలిక కుటుంబం ఆ ఆత్మ కోసం పూజ చెప్పిస్తుంది. ఉత్తరించు స్థలంలో, అంటే మరణం తర్వాత ఆత్మలు శుద్ధి పొందే చోట, ఉన్నవారికి ఆ బలి మేలు చేస్తుందన్నది నమ్మకం. కోడలు బాప్టిస్టు ఇంటి నుంచి వచ్చిందైతే, చనిపోయినవారికి ఇక చేయగలిగింది లేదని, జ్ఞాపకార్థ కూడిక బతికున్నవారి ఓదార్పు కోసమేనని ఆమెకు నేర్పి ఉంటారు. ఇద్దరూ ఒకే పెట్టె పక్కన కూర్చొని ఏడుస్తారు, కానీ మర్నాడు చేయవలసినదాని దగ్గర మాట తేడా వస్తుంది.

డబ్బు విషయం ఇంకా సూటిది. కానుకను బలి అని పిలిచి, అది వేస్తే పాపం పోతుందని, రోగం తగ్గుతుందని చెప్పే ప్రసంగీకులు ఉన్నారు. పైన చూసిన ఏ వివరణా దీనికి చోటివ్వదు. విడుదలైనా, పరువు చెల్లింపైనా, శిక్ష మార్పిడైనా, చెల్లించింది క్రీస్తే అన్నదే వాటి సారం. 1517లో లూథర్ లేవనెత్తిన గొడవ మొదలైంది కూడా క్షమాపణ పత్రాల అమ్మకం మీదే. 1562లో ట్రెంట్ సభ అలాంటి వసూలుదార్ల పదవినే రద్దు చేసింది. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలూ ఎప్పుడో ఒక దగ్గరికి వచ్చాయి.

ఇక జాతర మర్నాడు పక్కింటి నుంచి వచ్చే మాంసం గిన్నె. కొన్ని క్రైస్తవ ఇళ్లు తీసుకుంటాయి, కొన్ని తలుపు దగ్గరే మర్యాదగా వద్దంటాయి, కొన్ని తీసుకొని పనివాళ్లకు ఇచ్చేస్తాయి. కొరింథు పట్నంలో ఇదే గొడవ వచ్చినప్పుడు పౌలు రాసిన జవాబు మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో ఉంది. విగ్రహం వట్టిదే, అంగడిలో అమ్మేదాన్ని ఏమీ అడగకుండా తినవచ్చు, ఇది బలి ఇచ్చింది అని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దు. కారణం తినేవాడి మనస్సాక్షి కాదు, చెప్పినవాడి మనస్సాక్షి. గిన్నె తెచ్చిన పక్కింటావిడ అది జాతర మేకదని చెప్పిందా, ఊరికే కూర అని ఇచ్చిందా అన్నదాని మీద పౌలు లెక్కలో జవాబు మారిపోతుంది.